బొబ్బర మేతకూ వయసుంటుంది: ఆనందపురం కుందేళ్ల యూనిట్ కేస్ స్టడీ

యూనిట్ విశాఖపట్నం జిల్లా ఆనందపురం మండలంలో ఉంది. 12 తల్లులు, 3 మగ కుందేళ్లు. ఎక్కువగా న్యూజిలాండ్ వైట్ జాతివి, కొన్ని సోవియట్ చించిల్లా జాతివి. జీడిమామిడి చెట్ల పక్కన రేకుల షెడ్డు, రేకుల మీద తాటాకు. బోరు నీళ్లున్న అరెకరం లోపు నేలలో మేత వేస్తారు. దాణా ఇంట్లోనే కలుపుతారు.

జూన్ వానలు పడగానే మేత కోసం బొబ్బర (అలసంద) వేశారు. నెల తిరిగేసరికి మోకాలెత్తు వచ్చింది, ఆకు లేతగా నిగనిగలాడుతోంది. కోసి వేస్తే కుందేళ్లు ఎగబడి తిన్నాయి. పది రోజుల్లోపే తేడా మొదలైంది. తల్లి నుంచి 28 రోజులకే వేరు చేసిన పిల్లలు, అంటే అయిదు నుంచి ఏడు వారాల వయసువి, ఒక పూట మేత మానేసి మూలన ముడుచుకుని కూర్చునేవి. పళ్లు కొరికేవి. పొట్ట డోలులా బిగిసేది, చేత్తో పట్టి మెల్లగా కదిలిస్తే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించేది. మర్నాటికి జిగురుతో పారుడు, ఆ మర్నాటికి చావు. మూడు ఈతల నుంచి ఇలా పిల్లలు పోయాయి. పెద్దవాటిలో చావుల్లేవు గానీ బోనుల కింద ద్రాక్షగుత్తిలా అంటుకున్న మెత్తటి పెంటికలు పడి ఉండేవి.

యజమాని అనుమానం బొబ్బర మీదికే పోయింది. “పప్పుజాతి మేత వేడి చేస్తుంది, కుందేలుకు పడదు” అని పక్క ఊళ్లో ఎవరో చెప్పారు. మేత మొత్తం ఆపేసి దాణా పెంచారు. చావులు ఇంకా పెరిగాయి. ఈ కేసులో మొదట అర్థం చేసుకోవాల్సింది ఇదే: తప్పు బొబ్బరది కాదు, ఆ వయసు బొబ్బరను ఆ వయసు పిల్లకు ఆ దాణాతో కలిపి పెట్టడంలో ఉంది.

ముందుగా కాక్సీడియాను పక్కన పెట్టాలి

అయిదు నుంచి ఎనిమిది వారాల పిల్లల్లో పారుడు అనగానే మేతనే పట్టుకుంటే పొరపాటు. వానాకాలంలో కాక్సీడియోసిస్ (కాక్సీడియా అనే పరాన్నజీవి తెచ్చే రోగం) కూడా సరిగ్గా ఈ వయసులోనే వస్తుంది. పెంటికల నమూనా పశువైద్యశాలలో మైక్రోస్కోపు కింద చూపించాలి. చచ్చిన పిల్లను కోయించి చూడాలి: కాలేయం మీద తెల్లటి మచ్చలుంటే కాలేయ కాక్సీడియా. ఇక్కడ కాలేయం శుభ్రంగానే ఉంది. పేగుల్లో గాలి, సీకంలో (అంధనాళంలో) నీళ్లలాంటి పదార్థం, కింది పేగులో జిగురు కనిపించాయి. పెంటికల్లో కాక్సీడియా గుడ్లు అక్కడక్కడా మాత్రమే. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ ఆ మాత్రం ఉంటాయి.

ఇక్కడే ఒక హెచ్చరిక. పారుడు చూసి మందుల షాపు నుంచి అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ తెచ్చి నోట్లో పోయకండి. కుందేలు సీకంలోని మంచి సూక్ష్మజీవులను అవి చంపేస్తాయి, క్లాస్ట్రిడియం అనే హానికర బ్యాక్టీరియా అక్కడ స్థిరపడుతుంది. రోగం కన్నా ముందు ఆ మందే చంపుతుంది. లింకోమైసిన్ అయితే మరీ ప్రమాదం.

లెక్క వేస్తే తేలింది

అప్పటి దాణా 100 కిలోలకు ఇలా ఉంది: మొక్కజొన్న నూక 40, వేరుశనగ చెక్క 25, గోధుమ పొట్టు 25, తవుడు 8, ఖనిజ లవణ మిశ్రమం, ఉప్పు కలిపి 2. దీనిలో మాంసకృత్తులు సుమారు 19 శాతం, పీచు 7 శాతం లోపు. 600 గ్రాముల పిల్లకు రోజుకు 40 గ్రాముల దాణా, 100 గ్రాముల పచ్చి బొబ్బర ఇస్తున్నారు.

పచ్చిమేతను తూకం చూసి లెక్క కడితే మోసపోతాం. నెల వయసు బొబ్బరను వాన తడితో కోస్తే 100 గ్రాముల్లో 88 గ్రాములు నీళ్లే. పొడి పదార్థం 12 గ్రాములు. ఆ 12 గ్రాముల్లో మాంసకృత్తులు 24 శాతం దాకా ఉంటాయి, పీచు 16 శాతమే. దాణాలోంచి వచ్చే పొడి పదార్థం 36 గ్రాములు. రెండూ కలిపితే 48 గ్రాములు. అందులో మాంసకృత్తులు 22 శాతం, పీచు 10 శాతం లోపు.

ఎదిగే పిల్లకు కావాల్సింది మాంసకృత్తులు 15 నుంచి 16 శాతం, పీచు కనీసం 14 శాతం. వేరు చేసిన మొదటి రెండు మూడు వారాల్లో పీచు ఇంకా ఎక్కువున్నా మంచిదే. అంటే ఇక్కడ రెండూ తలకిందులయ్యాయి. బుట్ట నిండా పచ్చగా కనిపించింది కనుక పీచు సరిపోతుందని అనుకున్నారు. లేత పప్పుజాతి ఆకు పీచు మేత కాదు, అది దాదాపు దాణాతో సమానం.

మేత ఆపి దాణా పెంచగానే చావులు ఎందుకు పెరిగాయో కూడా ఈ లెక్కలోనే ఉంది. అయిదారు వారాల పిల్లకు పిండి పదార్థాన్ని అరిగించే ఎంజైములు ఇంకా పూర్తిగా రావు. చిన్నపేగులో అరగని మొక్కజొన్న పిండి సీకంలోకి జారిపోతుంది. పీచు తక్కువైతే పేగుల కదలిక మందగిస్తుంది, ఆ పిండి అక్కడే నిలిచి పులుస్తుంది. తల్లిపాలలో ఉండే కాప్రిలిక్, కాప్రిక్ కొవ్వు ఆమ్లాలు హానికర సూక్ష్మజీవులను అదుపులో ఉంచుతాయి. 28 రోజులకే వేరు చేస్తే ఆ రక్షణ కూడా పోయినట్టే. సీకంలో మంచి సూక్ష్మజీవులు సరిగ్గా స్థిరపడక ముందే ఈ మూడూ ఒకేసారి మీద పడ్డాయి.

పెద్ద కుందేళ్ల కింద కనిపించిన మెత్తటి పెంటికలు పారుడు కాదు. కుందేలు సీకంలో తయారైన మెత్తటి పెంటికలను నేరుగా నోటితో అందుకుని తింటుంది, సూక్ష్మజీవులు చేసిన మాంసకృత్తులూ బి విటమిన్లూ దానికి అలాగే అందుతాయి. మేతలోనే మాంసకృత్తులు ఎక్కువైతే వాటిని తినడం మానేస్తుంది, కింద పడిపోతాయి. గుత్తిగా, మెరుస్తూ, ఘాటు వాసనతో ఉంటే అవే. గుండ్రటి గట్టి పెంటికలు కూడా పక్కనే ఉంటే జంతువు బాగానే ఉన్నట్టు. మేత ఖరీదు పెట్టి వృథా చేస్తున్నామని మాత్రం అర్థం. ఉదయం షెడ్డులోకి వెళ్లగానే బోనుల కింద చూడటం అలవాటు చేసుకుంటే దాణా, మేతల నిష్పత్తి గురించి ల్యాబు కన్నా ముందే తెలిసిపోతుంది.

మొక్క వయసు, పిల్ల వయసు

అదే బొబ్బరను పూత దశలో, విత్తిన 50 నుంచి 55 రోజులకు కోస్తే వేరే మేత. పొడి పదార్థం 16–18 శాతానికి పెరుగుతుంది, మాంసకృత్తులు 17–18 శాతానికి దిగుతాయి, పీచు 26–27 శాతానికి చేరుతుంది. కారణం ఆకు మారడం కాదు. కాండం పెరుగుతుంది, ఆకుకూ కాండానికీ ఉన్న వాటా మారుతుంది. ఆకులో మాంసకృత్తులు కాండంలో కన్నా రెండు మూడు రెట్లు. కాయలు నిండాక కింది ఆకు రాలిపోతుంది, కాండం కట్టెబారుతుంది, అప్పుడు కుందేలు సగం వదిలేస్తుంది. లూసర్న్ అనే పప్పుజాతి మేతది కూడా ఇదే దారి: మాంసకృత్తులు మొగ్గకు ముందు 22 శాతం పైన, పూత మొదట్లో 18–20, పూర్తి పూతలో 15–17.

కాబట్టి లేత మేత పాలిచ్చే తల్లికి, పూత మేత కొత్తగా వేరు చేసిన పిల్లలకు. చాలామంది దీన్ని తిరగేస్తారు. “చిన్న పిల్లలు కదా, లేత ఆకు పెడదాం” అనుకుంటారు. మనిషి పిల్లకు మెత్తటి అన్నం పెట్టినట్టు కుందేలు పిల్లకు మెత్తటి ఆకు పెట్టడం ప్రేమే, కానీ ఆ ప్రేమ దాని పొట్టకు పట్టదు.

ఇంకో చిక్కుంది, అది కాగితం మీద లెక్కలో కనిపించదు. పూత దశ మేతను పొడుగ్గా, ధారాళంగా వేస్తే పిల్ల ఆకు ఏరుకుని తిని కాండం వదిలేస్తుంది. మనం 27 శాతం పీచు ఇచ్చామనుకుంటాం, అది తిన్నది 17 శాతమే. ఈ యూనిట్‌లో మొదటి మార్పు చేసిన వారంలో ఇదే జరిగింది. అందుకే అడుగున ఉన్న పెన్సిలు మందం కాడలు తీసేసి, మిగతాది 2–3 సెంటీమీటర్ల ముక్కలుగా నరికి, పిల్ల కాండాన్ని కూడా తినేటంత కొలతలోనే వేయడం మొదలుపెట్టారు. మర్నాడు తొట్టెలో పదో వంతు మిగిలితే కొలత సరిపోయినట్టు. మూడో వంతు కాడలే మిగిలితే ఎక్కువ వేశామని అర్థం.

మార్చిన విధానం

దాణా మొదట మారింది. మొక్కజొన్న నూక 25, గోధుమ పొట్టు 40, నూనె తీసిన తవుడు 25, సోయా చెక్క 8, ఖనిజ లవణ మిశ్రమం ఒకటిన్నర కిలో, ఉప్పు అర కిలో. మాంసకృత్తులు 16 శాతం దరిదాపుల్లో, పీచు 9 శాతం. వేరుశనగ చెక్క పూర్తిగా తీసేశారు. పప్పుజాతి మేత సరిగా ఇస్తే చెక్క అవసరం తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యం, బూజు పుట్టించే విషం అఫ్లాటాక్సిన్‌ను తట్టుకోలేని జంతువుల్లో కుందేలు మొదటి వరుసలో ఉంటుంది. విశాఖ తేమలో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో గోతాంలో ఉన్న వేరుశనగ చెక్కను నమ్మడం కష్టం. కాల్షియం కోసం సున్నపురాయి పొడి విడిగా కలపొద్దు. పప్పుజాతి ఆకులో కాల్షియం 1.2 నుంచి 1.5 శాతం ఉంటుంది, తవుడు, పొట్టులో భాస్వరం ఉంటుంది, రెండూ కలిస్తే సరిపోతుంది. కుందేలు తిన్న కాల్షియాన్ని దాదాపు అంతా పీల్చుకుని, ఎక్కువైంది మూత్రంలో పంపేస్తుంది. మూత్రం సున్నపు నీళ్లలా చిక్కగా, ట్రేలో తెల్లగా గడ్డకడుతుంటే కాల్షియం మితిమీరిందన్నమాట. ఈనని తల్లుల్లో, మగవాటిలో ఇది ఎక్కువ కనిపిస్తుంది.

పుట్టిన 18 రోజుల దాకా పిల్లలకు పాలు తప్ప ఏమీ లేదు. తల్లి రోజుకు ఒక్కసారి, మూడు నాలుగు నిమిషాలు పాలిస్తుంది. ఆ తర్వాత పిల్లలు పెట్టె నుంచి బయటకొచ్చి తల్లి తొట్టెలో ముక్కు పెడతాయి. అంటే మూడో వారం నుంచి తల్లి మేతే పిల్లల మొదటి మేత. ఇది చాలామంది మరిచిపోతారు. తల్లికి పాల కోసం లేత లూసర్న్, అవిశ ఆకు వేస్తున్నప్పుడు పక్కన ఎండు గరికో ఎండు గినీ గడ్డో ఒక గుప్పెడు తప్పనిసరిగా కట్టి వేలాడదీయాలి. పిల్లలు ఆ ఎండుగడ్డిని కొరకడం నేర్చుకుంటాయి, వేరు చేసే రోజుకు అదే వాటిని కాపాడుతుంది.

పాలు 18–21 రోజుల మధ్య గరిష్ఠంగా ఉంటాయి. అప్పుడు మూడున్నర కిలోల తల్లికి 150 గ్రాముల దాణా, 300 గ్రాముల వాడ్చిన (నీడలో కాస్త ఆరనిచ్చిన) పప్పుజాతి మేత. పొడి పదార్థం సుమారు 200 గ్రాములు, మాంసకృత్తులు 18 శాతం వస్తాయి, పాలిచ్చే తల్లికి అదే కావాలి. మొగ్గ దశలో కోసిన మేత ఈ తల్లికే పోవాలి. 21 రోజుల తర్వాత పాలు తగ్గుతాయి, దాణా తగ్గించొద్దు, పిల్లలు కూడా అందులోంచే తింటున్నాయి.

తల్లి నుంచి వేరు చేయడం 35 రోజులకు మార్చారు. పిల్లల్ని కాదు, తల్లిని వేరే బోనుకు తీసుకెళ్లారు. పిల్లలు అదే బోనులో, అదే తోబుట్టువులతో, అదే మేతతో ఉన్నాయి. వేరు చేయడానికి మూడు రోజుల ముందు, వారం తర్వాత వరకు ఏ కొత్త మేతా లేదు. అయిదు నుంచి ఏడు వారాల పిల్లకు రోజువారీ: దాణా 25 గ్రాములు, పూత దశ బొబ్బర వాడ్చింది 60 గ్రాములు, ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో. వాడ్చిన బొబ్బరలో పొడి పదార్థం పావు వంతు, అంటే 15 గ్రాములు. పిల్ల 8 గ్రాముల ఎండుగడ్డి తిన్నా మొత్తం 45 గ్రాములు దాటుతుంది. పీచు 19 శాతం, మాంసకృత్తులు 15 శాతం పైన. పాత లెక్కతో పోల్చి చూడండి. మొత్తం మేత తగ్గింది, దాణా మూడో వంతు పైగా తగ్గింది, పిల్ల పొట్ట నిలబడింది.

ఎనిమిదో వారం నుంచి ఎదుగుదల వేగం అందుకుంటుంది, ఇక్కడ భయపడి మేత బిగించకూడదు. దాణా 50 గ్రాములకు, పప్పుజాతి మేత 150 గ్రాములకు పెంచాలి, ఒకేసారి కాదు, రోజుకు 10–15 గ్రాముల చొప్పున. మొగ్గ నుంచి పూత మధ్య దశ మేత ఈ వయసుకు సరిగ్గా సరిపోతుంది. మాంసకృత్తులు 16–17 శాతం వస్తాయి. వారానికోసారి వంటింటి త్రాసులో తూచి రాసుకోవాలి. మన వేడిలో రోజుకు 20–25 గ్రాములు పెరిగితే మంచి పెరుగుదలే. ఈ యూనిట్‌లో 12 వారాలకు 1.8 నుంచి 2 కిలోల మధ్య వచ్చాయి.

తల్లులుగా ఉంచుకునే ఆడపిల్లల్ని 12 వారాల తర్వాత అదే మేత మీద ఉంచితే కొవ్వు పడతాయి, ఎదకు రావు, వచ్చినా కట్టడం కష్టం. వాటికి దాణా 40–50 గ్రాముల దగ్గర ఆపి, గినీ గడ్డి, గరిక 250–300 గ్రాములు, పప్పుజాతి 60 గ్రాములు. మగవాటికీ, ఖాళీగా ఉన్న తల్లులకూ ఇదే. మాంసకృత్తులు 12 శాతం చాలు. చూడి తల్లికి మొదటి ఇరవై రోజులు ఇదే కొనసాగించి, చివరి పది రోజుల్లో దాణా, పప్పుజాతి మేత రెండూ మెల్లగా పెంచాలి. ఈనే ముందు రెండు రోజులు మేత మందగించడం మామూలే. కానీ బాగా కొవ్వెక్కిన తల్లి ఆ సమయంలో పూర్తిగా మేత మానేస్తే కీటోసిస్‌తో (ఒంట్లో కొవ్వు ఒక్కసారిగా కరగడం వల్ల వచ్చే జబ్బుతో) చచ్చిపోతుంది. అప్పుడు చేసేది పెద్దగా ఉండదు, ముందు నెలల్లో కొవ్వు పట్టకుండా చూడటమే మందు.

ఈ మార్పుల తర్వాత వచ్చిన ఈతల్లో పొట్ట ఉబ్బి చావడం దాదాపు ఆగిపోయింది. దీని పేరు మొత్తం బొబ్బర కోత దశకే ఇవ్వడం న్యాయం కాదు. వేరు చేసే రోజు, దాణా, ఎండుగడ్డి అన్నీ కలిసి మారాయి. కానీ తర్వాత ఒక వారం కూలీ కొరత వల్ల మళ్లీ లేత బొబ్బర కోసి పిల్లలకు వేస్తే మెత్తటి పెంటికలు మళ్లీ కనిపించాయి, పూత మేతకు మారగానే తగ్గాయి. దాన్ని బట్టి కోత దశ ప్రభావం ఎంతో తెలుస్తుంది.

వాడ్చడం

పొద్దున్న మంచు ఆరాక, తొమ్మిది దాటాక కోయాలి. వాన పడుతున్నప్పుడు కోసింది పిల్లలకు వద్దు. కోసిన మేతను కుప్ప పోయకూడదు. పప్పుజాతి ఆకు కుప్పలో రెండు మూడు గంటల్లోనే వేడెక్కుతుంది, చెయ్యి పెడితే తెలుస్తుంది. వేడెక్కిన మేత పులిసినట్టే, పారేయాలి. చిన్న కట్టలు కట్టి షెడ్డు పక్కన నీడలో తాడు మీద తలకిందులుగా వేలాడదీస్తే సాయంత్రానికి వాడి పావు వంతు పొడి పదార్థానికి వస్తుంది. కుందేలు రాత్రి తినే జంతువు. రోజు మేతలో మూడింట రెండు వంతులు సాయంత్రం ఆరు తర్వాత వేస్తే ఎండాకాలంలో కూడా మేత తగ్గదు. పచ్చిమేత తింటున్నాయి కదా అని నీళ్లు తగ్గించొద్దు. పాలిచ్చే తల్లి, పిల్లలు కలిసి మే నెలలో రోజుకు లీటరు పైగా తాగుతాయి.

విశాఖ నేలలో ఏ మేత

లూసర్న్ పేరు అందరికీ తెలుసు, కానీ ఇక్కడ అది చలికాలపు పంట మాత్రమే. అక్టోబరు వానలు వెళ్లాక, నవంబరులో, నీరు నిలవని నేలలో విత్తితే 55–60 రోజులకు మొదటి కోత, తర్వాత 25–30 రోజులకొకటి. ఏప్రిల్ దాకా వస్తుంది. వానాకాలంలో వేరు కుళ్లి పోతుంది. దాని మీదే ఆధారపడిన ప్రణాళిక జులైలో కూలిపోతుంది.

ఏడాది పొడుగునా ఆదుకునేది దశరథ గడ్డి. పేరులో గడ్డి ఉన్నా ఇది పప్పుజాతి పొదే. గింజ పైపొర గట్టిది, 80 డిగ్రీల వేడి నీళ్లలో అయిదు నిమిషాలుంచి చల్లార్చి విత్తకపోతే సగం కూడా మొలవవు. ఎకరాకు 8 కిలోలు, సాళ్ల మధ్య 50 సెంటీమీటర్లు. మొదటి కోత 90 రోజులకు, ఆ తర్వాత 40 రోజులకోసారి, నేల నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తులో. నేలమట్టంగా కోస్తే తిరిగి చిగురించడం నెమ్మదిస్తుంది. 60 రోజులు దాటనిస్తే కాడ కట్టె.

వరి కోసిన పల్లపు మళ్లలో పిల్లిపెసర చల్లే అలవాటు మన కోస్తాలో పాతదే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు పూత దశలో కోసి ఎండబెట్టుకుంటే బంగారం. వేరుశనగ తీగ దొరికినప్పుడు మట్టి పూర్తిగా దులపాలి, నల్ల బూజు ఉన్న కట్టను తెరవకుండానే పక్కన పెట్టాలి. జనుము పూత లోపే, కొద్దిగా. కాయ పట్టాక వద్దు, గింజలో విషగుణం ఉంది. రైతు బజారులో మిగిలిన బొబ్బర తీగ, చిక్కుడు ఆకు ఊరికే వస్తున్నా, ఎప్పుడు మందు కొట్టారో తెలియకుండా కుందేలుకు వేయొద్దు.

సుబాబుల్ గురించి కాస్త ఆగి చెప్పాలి. చిన్న మొక్కగా ఉన్నప్పుడు దాని ఆకు దశరథ గడ్డి ఆకులాగే ఉంటుంది, కూలీలు రెండూ కలిపి కోసేస్తారు. సుబాబుల్ చెట్టవుతుంది, తెల్లటి గుండ్రటి పూబంతులు, వెడల్పాటి బల్లపరుపు కాయలు గుత్తులుగా. దశరథ గడ్డి కాయ సన్నగా, పొట్టిగా ఉంటుంది. తేడా ఎందుకు తెలియాలంటే సుబాబుల్‌లో మైమోసిన్ అనే విషం ఉంది, చిగుళ్లలో మరీ ఎక్కువ. పశువుల పెద్దపొట్టలో దాన్ని విరిచే బ్యాక్టీరియా ఉండొచ్చు, కుందేలుకు ఆ దారి లేదు. ఈ యూనిట్‌లో మే నెలలో పచ్చిమేత కొరత వచ్చి గట్టు మీది సుబాబుల్ కొమ్మలే ముఖ్య మేతగా వేస్తే, మూడు నాలుగు వారాల్లో ఎదిగే పిల్లల వీపు మీద, తొడల మీద బొచ్చు కుచ్చులుగా ఊడింది, తూకం నిలిచిపోయింది. ఆపేశాక బొచ్చు తిరిగి వచ్చింది. వాడక తప్పకపోతే ముదురు ఆకు, ఎండబెట్టి, మొత్తం పొడి పదార్థంలో పదో వంతు మించకుండా, చూడి తల్లులకు అసలు లేకుండా. అవిశ ఆకులో ఆ విషం లేదు, కుందేళ్లు ఇష్టంగా తింటాయి, కానీ పీచు చాలా తక్కువ. పాలిచ్చే తల్లికి 50 గ్రాములు మంచిది, వేరు చేసిన పిల్లకు వద్దు.

ఎంత నేల, ఎంత నిల్వ

12 తల్లులకు సగటున రోజుకు 3 కిలోలు, మగవాటికి 600 గ్రాములు, ఏ రోజు చూసినా ఉండే 50 ఎదిగే పిల్లలకు ఏడున్నర కిలోలు. మొత్తం 11 కిలోల పచ్చిమేత, ఏడాదికి 4 టన్నులు. సెంటుకు 150 కిలోలే వస్తుందని తక్కువగా వేసుకున్నా 27 సెంట్లు చాలు. ఇక్కడ 15 సెంట్లలో దశరథ గడ్డి, 8 సెంట్లలో బొబ్బర, చలికాలంలో 4 సెంట్లలో లూసర్న్ పెట్టారు. దశరథ గడ్డిని ఎనిమిది పట్టీలుగా విడగొట్టి అయిదు రోజులకొక పట్టీ కోస్తే, ఎనిమిదో పట్టీ అయ్యేసరికి మొదటిదానికి 40 రోజులు నిండుతాయి. బొబ్బర మొత్తం ఒకేసారి విత్తడమే జులైలో ఇబ్బంది తెచ్చింది: ఒకేసారి లేతగా, ఆ తర్వాత ఒకేసారి ముదురుగా ఉంటుంది. ఇప్పుడు పన్నెండు రోజుల తేడాతో మూడు మళ్లుగా వేస్తున్నారు. ఒక మడి మొగ్గ మీద, ఇంకొకటి పూత మీద ఉంటుంది. పొద్దున్న కోసే మనిషికి ఏ మడి ఏ బోనులకు అన్నది షెడ్డు గోడ మీద సుద్దతో రాసి ఉంటుంది.

అక్టోబరు, నవంబరు తుఫాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద తీరం దాటాక చుట్టుపక్కల ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు, చెట్లు కూలి దారులు మూసుకుపోయాయి. అలాంటప్పుడు పొలంలో మేత ఉన్నా వారం పాటు అది నీళ్లలో నానిన మేతే. 11 కిలోల పచ్చిమేతకు బదులు రెండున్నర కిలోల ఎండుమేత కావాలి, పది రోజులకు 25 కిలోలు. ఇది సెప్టెంబరులో తయారు చేయాలంటే ఎండ చాలదు కనుక ఏప్రిల్, మే నెలల్లోనే పూత దశ దశరథ గడ్డి, మిగిలిన పిల్లిపెసర ఎండబెట్టి ఉంచుతున్నారు. ఎండలో పూర్తిగా ఎండనిస్తే ఆకు పొడై రాలుతుంది, చేతిలో కాడలే మిగులుతాయి. సగం ఎండలో, మిగతా సగం నీడలో వెదురు దడి మీద.

నిల్వకు పెట్టే ముందు తేమ చూడటానికి పొడి గాజు సీసాలో గుప్పెడు తరిగిన ఎండుమేత, రెండు చెంచాల పొడి ఉప్పు వేసి మూత బిగించి రెండు నిమిషాలు గిలకొట్టాలి. ఉప్పు విడివిడిగా కిందకు జారితే తేమ 15 శాతం లోపు ఉన్నట్టు, సంచికెత్తవచ్చు. ఉప్పు ముద్దకట్టినా, గాజుకు అంటుకున్నా ఇంకో రోజు ఎండలో వేయాలి. సంచుల్ని నేల మీద కాకుండా అడుగు ఎత్తు చెక్కల మీద, గోడకు జానెడు దూరంలో పేర్చి, జులై నుంచి ప్రతి పక్షానికీ ఒక సంచి విప్పి వాసన చూస్తున్నారు. బూజు వాసన తగిలిన సంచి మొత్తం ఎరువు గుంతకే పోవాలి, పైది తీసేసి కిందిది వేయడం ఉండదు.